ఒక నెగెటివ్, నేను చేసిన తప్పులు



నేను 1996 నుండి 2001 వరకు, అంటే ఆరో తరగతి నుండి పదో తరగతి వరకు, మన హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇంటర్ అయ్యాక హైదరాబాదులో ఫోటోగ్రఫీ డిగ్రీలో చేరాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసి, "మీ విజయగాథ రాయండన్నా" అన్నారు. విజయగాథలు రాయడానికి వేరే అన్నలున్నారు. పాత ఫోటోను స్కాన్ చేసి ప్రింటు తీయడంలో ఎన్ని రకాలుగా తప్పు చేయవచ్చో మాత్రం నాకు బాగా తెలుసు. ఒక్క ఫోటో మీదే అవన్నీ చేశాను కనుక అదే రాస్తున్నాను.

ఆ ఫోటో మీరు రోజూ చూసేదే. డైనింగు హాల్లో కుళాయిల వైపు గోడకు ఉన్న నలుపు తెలుపు గ్రూపు ఫోటో. 1989లో పదో తరగతి బ్యాచ్ వీడ్కోలు రోజున తీసినది. మూడు వరుసల్లో పిల్లలు, మధ్యలో కుర్చీల మీద వార్డెన్ గారు, ట్యూటర్లు, వెనుక సున్నం వేసిన గోడ, కుడి చివర వేపచెట్టు. అసలు ప్రింటు ఆఫీసు గదిలో ఉండేది. 2005 నాటికి చెదలు సగం తినేశాయి. 2006 ఫిబ్రవరిలో జరగబోయే వార్షికోత్సవానికి దాన్ని పెద్దగా చేయించాలని పూర్వ విద్యార్థుల కమిటీ అనుకుంది. నేను అప్పుడు డిగ్రీ మూడో సంవత్సరంలో ఉన్నాను. "మనవాడే ఫోటోగ్రఫీ చదువుతున్నాడు కదా" అని పని నాకు అప్పగించారు.

అదృష్టం ఏమిటంటే ఫోటో తీసిన స్టూడియో ఆయన నెగెటివును ఒక బిస్కెట్ డబ్బాలో దాచి ఉంచారు. ఆరు ఫ్రేముల ముక్క. అందులో ఒక్క ఫ్రేములోనే అందరి కళ్లూ తెరిచి ఉన్నాయి. "జాగ్రత్త బాబూ, ఇంకోటి లేదు" అని కాగితం కవరులో పెట్టి ఇచ్చారు. కమిటీ అన్నలు అప్పటికే 16×20 అంగుళాల ఫ్రేము కొనేశారు. ఈ ఫ్రేము సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత వస్తుంది.

మొదటి తప్పు లెక్కల్లో చేశాను. పదో తరగతిలో లెక్కలకు 84 మార్కులు వచ్చినవాడిని, అయినా చేశాను. "ప్రింటుకు 300 డీపీఐ కావాలి" అని క్లాసులో చెప్పారు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. నేను స్కానరులో 300 అని కొట్టి నెగెటివు పెట్టి బటన్ నొక్కాను. అర నిమిషంలో అయిపోయింది. ఇంత సులభమా అనుకున్నాను. తెర మీద చూస్తే తపాలా బిళ్లంత బొమ్మ వచ్చింది.

ఎందుకు అలా వచ్చిందో చూడండి. ఆ ఫిలిం మీద ఒక ఫ్రేము 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. అంటే ఫ్రేము ఎత్తు అంగుళం కూడా లేదు. అంగుళానికి 300 చొప్పున తీస్తే 283×425 పిక్సెళ్లు వస్తాయి. ఆ 300 అనేది కాగితం మీద ఉండవలసిన లెక్క. నెగెటివు మీద ఎంత తీయాలో తెలియాలంటే ముందు కాగితం ఎంతదో తెలియాలి. కాగితం వెడల్పు 12 అంగుళాలు అయితే 12 × 300 = 3600 పిక్సెళ్లు కావాలి. ఆ 3600 పిక్సెళ్లను 36 మిల్లీమీటర్ల నుండి, అంటే సుమారు 1.42 అంగుళాల నుండి పిండాలి. 3600ను 1.42తో భాగిస్తే దాదాపు 2540. స్కానరులో కొట్టవలసిన అంకె అది.

ఆ 300 ఎక్కడి నుండి వచ్చిందో కూడా నాకు అప్పుడు తెలియదు. ప్రెస్సులో పనిచేసే ఒకాయన చెప్పాడు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో బూడిద రంగు సిరా అంటూ ఉండదు. ఉన్నది నల్ల సిరా ఒక్కటే. దాన్నే చిన్న చుక్కలుగా, పెద్ద చుక్కలుగా వేస్తే దూరం నుండి మన కంటికి బూడిద రంగుగా కనిపిస్తుంది. న్యూస్ పేపరులో ఫోటోను భూతద్దంతో చూస్తే మీకే తెలుస్తుంది. మంచి ఆర్టు పేపరు మీద అంగుళానికి 150 వరుసల చుక్కలు వేస్తారు. ఒక్కో వరుసకు రెండు పిక్సెళ్లు ఇస్తే సరిపోతుంది కాబట్టి 300. మామూలు కాగితం మీద 100 వరుసలే వేస్తే 200 చాలు. మన సంచిక అప్పట్లో వేసింది మామూలు కాగితమే. కారణం తెలియకుండా అంకె బట్టీ పడితే ఏమవుతుందో ఆ తపాలా బిళ్ల చూశాక అర్థమైంది.

రెండోసారి ఆశ పుట్టింది. స్కానరు పెట్టె మీద 9600 అని పెద్ద అక్షరాలతో ఉంది. అదే కొట్టాను. కంప్యూటరు గంటన్నర మూలిగి ఆగిపోయింది. ఆ స్కానరు నిజంగా కంటితో చూడగలిగేది 2400 మాత్రమే. మిగతాది పక్క పిక్సెళ్లను చూసి ఊహించి నింపేది. పలుచటి పప్పులో చెంబుడు నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది, పప్పు పెరగదు. మన హాస్టల్ వాళ్లకు ఈ ఉదాహరణ విడమరచి చెప్పనక్కర్లేదు. చివరికి 2400తో తీశాను. 2268×3402 పిక్సెళ్లు వచ్చాయి.

తరువాతి తప్పును నేను కాదు, 1989 బ్యాచ్ అన్న ఒకాయన పట్టుకున్నాడు. చిన్న ప్రింటు తీసి చూపిస్తే కాసేపు చూసి, "నేను గడియారం కుడిచేతికి ఎప్పుడు పెట్టానురా?" అన్నాడు. చూస్తే అందరి చొక్కా జేబులూ కుడివైపే ఉన్నాయి. వేపచెట్టు ఎడమకు వెళ్లిపోయింది. నెగెటివును తిరగేసి పెట్టాను. ఫిలింకు ఒక వైపు మెరుస్తుంది, రెండో వైపు మందు పూసి ఉంటుంది కనుక మసకగా ఉంటుంది. మెరిసే వైపు నుండి చూసినప్పుడు అంచున ఉన్న అక్షరాలు, అంకెలు సరిగా చదవగలిగితే బొమ్మ కూడా సరిగా ఉన్నట్టు. ఒక్క సెకను పని. ఫోటోలో బోర్డు ఏదీ లేకపోవడంతో నాకు తెలియలేదు.

దుమ్ము దగ్గర ఇంకా తెలివి చూపించాను. కాలేజీ స్కానరులో దుమ్మును దానంతట అదే తీసివేసే సదుపాయం ఉంది. అది ఆన్ చేశాను. దుమ్ము పోయింది, పిల్లల కళ్లూ పోయాయి! ముఖాలు కరిగిన మైనంలా తయారయ్యాయి. ఆ సదుపాయం పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. రంగుల ఫిలింలో చివరికి మిగిలేది రంగులే, వాటి గుండా పరారుణ కిరణాలు దూసుకుపోతాయి. దుమ్ము మాత్రం అడ్డుపడుతుంది. అలా అది దుమ్మును గుర్తుపడుతుంది. కానీ మామూలు నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ అంతా వెండి రేణువులే. వెండి కూడా పరారుణ కిరణాలను అడ్డుకుంటుంది. కాబట్టి యంత్రం బొమ్మనే దుమ్ము అనుకుంటుంది. భౌతికశాస్త్రంలో వర్ణపటం పాఠం ఎందుకు పనికొస్తుందని మా బ్యాచ్‌లో అడిగినవాళ్లలో నేనొకడిని.

ఇక చేత్తో తుడవడమే మిగిలింది. ముందు నెగెటివును రబ్బరు బుడ్డితో గాలి కొట్టి శుభ్రం చేశాను. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడితే మరక పోదు. తరువాత ఫోటోషాప్‌లో రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్క మచ్చ, ఒక్కొక్క గీత తీశాను. ప్రతి ముఖమూ నా కంటి ముందు నుండి వెళ్లింది.

ఇప్పుడు ముఖాల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

మొదటి ప్రింటులో గోడ, తెల్ల చొక్కాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ముఖాలు మాత్రం నల్లటి మచ్చల్లా ఉన్నాయి. ఎవరు ఎవరో తెలియడం లేదు. మన పిల్లల రంగు అంతే కదా అని నేనే అనుకున్నాను చూడండి, ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మన రంగు నలుపే కావచ్చు. కానీ ఎదురుగా నిలబడితే కళ్లు, ముక్కు, నవ్వు కనిపించవా? నెగెటివులో అవన్నీ ఉన్నాయి. లైటు పెట్టి భూతద్దంతో చూస్తే స్పష్టంగా ఉన్నాయి. పోగొట్టింది నా స్కానింగు. స్కానరును ఆటోమేటిక్‌లో వదిలేస్తే అది బొమ్మ మొత్తాన్ని చూసి తనకు తోచిన లెక్క వేసుకుంటుంది. ఫ్రేములో సగం సున్నపు గోడ, తెల్ల చొక్కాలు ఉండటంతో వాటికి సరిపడా సర్ది, ముఖాలను చీకట్లోకి తోసేసింది. పూర్తి నలుపును 0, పూర్తి తెలుపును 255 అనుకుంటే మన ముఖాలన్నీ 20, 30 దగ్గర కుక్కబడ్డాయి. ఆపైన మామూలు కాగితం సిరాను పీలుస్తుంది, చుక్కలు ఉబ్బి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందుకే సంచికల్లో మనవాళ్ల ఫోటోలు ఎప్పుడూ మసి పూసినట్టు వస్తాయి.

దానికి నేను చేసిన వైద్యం ఇంకా అన్యాయం. బ్రైట్‌నెస్ పెంచాను. ముఖాలు బూడిద పూసినట్టు తెల్లబడ్డాయి, చొక్కాలు గోడలో కలిసిపోయి మొండాలు మాయమయ్యాయి. రిటైరైన పాత వార్డెన్ గారి ఇంటికి తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఎవర్రా వీళ్లు? మా పిల్లలకు ఎన్నడూ ఇంత పౌడరు కొనిచ్చిన పాపాన పోలేదే ప్రభుత్వం" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆయన ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోయారు. నలభై అయిదు మంది పేర్లు నోటికి వచ్చిన మనిషి.

ఇది నా ఒక్కడి తప్పు కాదని తరువాత చదువుకున్నాను. రంగుల ఫోటోల కాలంలో ల్యాబుల్లో ప్రింటింగు యంత్రాన్ని సరిచూసుకోవడానికి కోడాక్ సంస్థ ఒక నమూనా ఫోటోను పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. చాలా ఏళ్లపాటు దాని మీద ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఆమె చర్మం సరిగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు. నల్లజాతి, ఆసియా స్త్రీలను కూడా కలిపిన కార్డు 1990ల్లో గానీ రాలేదు. అంటే "సరైన రంగు" ఏదో ముందే ఎవరో నిర్ణయించి పెట్టారు. మన ఊళ్లలో పెళ్లి ఫోటోల్లో పెళ్లికూతురిని అడగకుండానే తెల్లగా చేసి ఇచ్చే అలవాటు సంగతి మీకు తెలిసిందే.

చేయవలసింది ఏమిటంటే, మొత్తం బొమ్మను తెల్లబరచకూడదు. చొక్కాలను ఉన్నచోటే ఉంచి, ముఖాల పొరను మాత్రం విప్పాలి. ముందుగా స్కానరులో ఆటోమేటిక్ తీసేసి, 8 బిట్లకు బదులు 16 బిట్లలో తీశాను. 8 బిట్లలో నలుపు నుండి తెలుపుకు 256 మెట్లు ఉంటాయి, 16 బిట్లలో 65,536. మెట్లు ఎక్కువ ఉంటే చీకట్లో దాగిన తేడాలు చెడకుండా బయటికి వస్తాయి. తరువాత ఫోటోషాప్‌లో కర్వ్స్ అనే గీతను చొక్కాల దగ్గర కదలకుండా పట్టి, కింది భాగాన్ని మెల్లగా పైకి లేపాను. ముఖాలు 70, 80 దగ్గరికి వచ్చాయి. నలుపు నలుపుగానే ఉంది, మనిషి కనిపిస్తున్నాడు. వార్డెన్ గారికి మళ్లీ చూపించాను. ఈసారి వేలు పెట్టి ఒక్కొక్కరి పేరు, ఊరు, ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారో చెప్పుకుంటూ పోయారు. నేను రాసుకున్నాను. ఫోటో కింద ఉన్న పేర్ల పట్టీ అలా వచ్చిందే.

ప్రింటు దగ్గర చేసినవి చిన్న తప్పులు, త్వరగా చెప్పేస్తాను. కాగితాన్ని తిరగేసి పెట్టాను. పూత లేని వైపు సిరా ఆరక, చెయ్యి తగిలితే అంటుకుంది. మూలన తడివేలితో తాకితే పూత ఉన్న వైపు కొంచెం జిగటగా ఉంటుంది, అదే గుర్తు. తెర మీద వెలుగుగా ఉన్న బొమ్మ కాగితం మీద చీకటిగా వచ్చింది. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుతురునే తిరిగి ఇస్తుంది, కాబట్టి తెర వెలుగు తగ్గించి చూడాలి. పెద్ద కాగితం పెట్టే ముందు ముఖాలున్న చిన్న ముక్కను ప్రింటు తీసి, ఆరనిచ్చి, ఆ ఫోటో వేలాడే చోటి లైటు కింద చూడాలి. మూడు పెద్ద కాగితాలు పాడయ్యాక ఈ తెలివి వచ్చింది. ఆ కాగితాల ఖర్చు ఒక నెల మెస్ బిల్లు.

వార్షికోత్సవం నాటికి 16×20 ఫ్రేములో ఫోటో సిద్ధమైంది. డైనింగు హాల్లో పెట్టాం. అందరూ మెచ్చుకున్నారు. 1989 బ్యాచ్ అన్నలు తమను తాము వెతుక్కుని పిల్లలకు చూపించుకున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక అక్క వచ్చి ఫోటో ముందు నిలబడింది. ఎడమ నుండి కుడికి చూసింది, మళ్లీ ఎడమకు చూసింది. "మా నాయన ఏడి బాబూ? చివర నిలబడ్డానని చెప్పేవాడే" అంది.

ఆమె మన కామాటి తాత కూతురు. నా తరువాత వచ్చిన తమ్ముళ్లకు తాత తెలియడు. స్టడీ అవర్లో కునికిపాట్లు పడితే వార్డెన్ గారు చూడకముందే వచ్చి మొహాన నీళ్లు చల్లి లేపేవాడు. నాకు ఏడో తరగతిలో పచ్చకామెర్లు వస్తే మా అమ్మ వచ్చేదాకా మూడు రోజులు మంచం పక్కనే పడుకున్నాడు. 2003లో చనిపోయాడు. ఫోటోలో నిజంగానే ఎడమ చివర, పిల్లల వరుసకు కొంచెం ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నెగెటివులో ఉన్నాడు. నా ప్రింటులో లేడు.

ఫ్రేము సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. నెగెటివు 24×36, అంటే ఎత్తు 2 అయితే వెడల్పు 3. ఫ్రేము 16×20, అంటే ఎత్తు 4 అయితే వెడల్పు 5. ఈ రెండూ ఒకదానిలో ఒకటి ఇమడవు. 16 అంగుళాల ఎత్తుకు పూర్తి బొమ్మ కావాలంటే 24 అంగుళాల వెడల్పు ఉండాలి. నా దగ్గర ఉన్నది 20. నాలుగు అంగుళాలు పోవలసిందే. కుడి నుండి రెండు, ఎడమ నుండి రెండు తీసేశాను. నెగెటివు మీద అది ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లు. కుడివైపు వేపచెట్టు పోయింది. ఎడమవైపు తాత పోయాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది లెక్క కాదు. దుమ్ము తుడిచిన ఆ రెండు రాత్రుల్లో తాత చొక్కా మీది గీతను కూడా తుడిచింది నేనే. ఆయన ముఖం చూశాను. అయినా కత్తిరించేటప్పుడు పిల్లల వరుసలు మధ్యకు వచ్చాయా, వార్డెన్ గారు మధ్యలో ఉన్నారా అని చూశానే తప్ప, చివర మనిషి పోతున్నాడని నా కంటికి ఆనలేదు. ఆమెతో "ఫ్రేములో పట్టలేదక్కా" అన్నాను. నోటికి వచ్చిన మాట అది. ఆమె ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని వెళ్లి, వంట దగ్గర గిన్నెలు తోమేవాళ్లతో కూర్చుంది.

నెగెటివు మన దగ్గర ఉంది కాబట్టి సరిదిద్దుకోగలిగాను. నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలు ఆయన 1905లో పోయాక కూడా నిలిచి ఉన్నాయంటే, ఆయన గాజు నెగెటివులు దాచబడటమే పెద్ద కారణం. అవి ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మన స్టూడియో ఆయన బిస్కెట్ డబ్బా కూడా అలాంటిదే. ఈసారి తెలిసిన సీనియర్ ఒకాయన పనిచేసేచోట ఫిలిం స్కానరుతో 4000 దగ్గర తీశాను. 3780×5669 పిక్సెళ్లు వచ్చాయి. 16×24కు ప్రింటు తీస్తే అంగుళానికి 236. గోడ మీద చూడటానికి ఇది చాలు. దుమ్ము మళ్లీ మొదటి నుండి తుడిచాను. 16×24 ఫ్రేము దుకాణంలో దొరకకపోతే వడ్రంగి చేత చేయించాం. పాత ఫ్రేము ఇప్పుడు మెస్ మెనూ పట్టికకు పనికొస్తోంది.

కొత్త ఫోటో పెట్టిన రోజు ఆ అక్కకు కబురు చేశాం. వచ్చి చూసింది. తాతను చూసి కాసేపు ఊరకుంది. తరువాత, "నాయన ఒక్కడిదీ పెద్దది చేసి ఇస్తావా బాబూ, ఇంట్లో ఒక్కటీ లేదు" అని అడిగింది. వెంటనే సరేనన్నాను. ఇంటికి వచ్చి లెక్క వేస్తే సాధ్యం కాదని తెలిసింది. నెగెటివు మీద తాత తల ఎత్తు సుమారు 1.2 మిల్లీమీటర్లు. 4000 దగ్గర అది 190 పిక్సెళ్లు. తలను అయిదు అంగుళాలు చేస్తే అంగుళానికి 38 పిక్సెళ్లు. మచ్చలు తప్ప మనిషి ఉండడు. తల ఒక అంగుళం ఉండేలా పాస్‌పోర్టు సైజు చేస్తే అంగుళానికి 190, ముఖం తెలుస్తుంది. అంతకు మించి రాదు. కంప్యూటరుతో సాగదీసి పెద్దది చేసి ఇవ్వవచ్చు. ఈనాడు లేని కన్నును, ముక్కును ఊహించి నింపే ప్రోగ్రాములు కూడా వచ్చాయి. కానీ అవి నింపే ముఖం తాతది కాదు. పాస్‌పోర్టు సైజులో నాలుగు కాపీలు తీసి, ఎందుకు పెద్దది కాదో చెప్పి ఇచ్చాను. ఆమె ఒకటి చేతిలో పట్టుకుని, "ఇది చాలు. పర్సులో పడుతుంది" అంది.

తమ్ముళ్లూ, మీ ఇళ్లలో పాత ఫోటోలు, నెగెటివులు ఉంటే పారేయకండి. స్కానరు లేకపోతే ఫోనుతోనైనా తీయండి. ఫోటోను కిటికీ పక్కన నీడలో చదునుగా పెట్టి, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా, నాలుగు అంచులూ కనిపించేలా తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది పిండి చిన్నది చేసేస్తుంది.

మన 1989 నెగెటివు ఆఫీసు బీరువాలో, రెండో అరలో, బటర్ పేపరు కవరులో ఉంది. మళ్లీ ఎప్పుడైనా ప్రింటు తీయవలసి వస్తే అంచులు పట్టుకుని తీయండి. ఎడమ చివర 3 మిల్లీమీటర్లు చూసుకోండి. ఫ్రేము తరువాత కొనండి.